పాత పలకరింపు

మే 2

తలుపు చుట్టూ ఉన్న రబ్బరుకు నూనె రాశాను. బయటి అంచున చేరిన దుమ్ము రెండు దోసిళ్లు వచ్చింది. బయట వేడి ఉదయం అయిదుకు నలభై ఒకటి, పదికి యాభై ఆరు. పదికి ఎండతాళం పడింది. సాయంత్రం అయిదు దాకా ఎవరికీ ఈ తలుపు తెరుచుకోదు.

కేంద్రానికి వెళ్లే దినచర్య యంత్రం రాసుకుంటుంది. ఇది కాగితం మీద నేను రాసుకునేది. నా పేరు సుంకులు. బిలంపేట రెండో తలుపు కాపరిని. ఒకటో తలుపు మీద రాయి కూలి నాలుగేళ్లయింది కాబట్టి మనుషులు పైకి పోవడానికి ఉన్నది ఇదొక్కటే.

రోజూ నలుగురు పోతారు. పైన ఎండతో కరెంటు పుట్టించే అద్దాల వరసల మీద దుమ్ము తుడిచి వస్తారు. ఒక రోజు తుడవకపోతే కింద నాలుగు వందల మందికి గాలి తిప్పే ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. ఈ నలుగురి పెద్ద హుసేనమ్మ. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎండలోకి పోతోంది. తర్వాత ఓబులేసు, ఇరవై రెండేళ్లు. పుల్లమ్మ, పంతొమ్మిది. నాలుగోవాడు నా తమ్ముడు మద్దిలేటి, పనిలో చేరి ఆరేళ్లు. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. పెంచింది నేనే.

కేంద్రం నుంచి కబురు వచ్చింది. ఈ నెల 21న తలుపుల కట్టుదిట్టం ఇంకా పెంచుతారట, ఎనిమిదో బిగింపు.

బిగింపు అంటే మా ఊళ్లో అందరికీ భయమే. వాళ్లు ఏదో ఒకటి బిగించినప్పుడల్లా ఇక్కడ మాకు ఏదో ఒకటి ఊడుతుంది. ఆరో బిగింపులో చేత్తో తిప్పే చక్రం తీసేశారు. ఈసారి పాత పలకరింపును తీసేస్తారట. ఎండలోకి పోయే మనిషి తొడుక్కునే, లోపల చిన్న ఫ్యాను తిరిగే చలువంగీ తలుపు దగ్గరికి రాగానే కేంద్రాన్ని పలకరిస్తుంది. కేంద్రం ఆ పేరును గుర్తుపడితే తలుపు తెరుచుకుంటుంది. మా అంగీలు పాతికేళ్ల కిందటివి. రోజూ ఒకే మాటతో పలకరిస్తాయి. ఆ మాటను ఎవరైనా చాటుగా విని అచ్చు అలాగే పలికితే చాలు. గంధగిరి బిలంలో అదే జరిగింది. చనిపోయినవాడి పలకరింపుతో ఎవడో లోపలికి వచ్చి ఫ్యాన్లు ఆపేశాడు. పదకొండు మంది పోయారు. కేంద్రం చెప్పేది అబద్ధం కాదు.

కొత్త పలకరింపు ప్రతిసారీ మారుతుంది. అందుకు అంగీ మెడ దగ్గర ఉన్న గాడిలో కొత్త బిళ్ల పెట్టాలి. కాపరి ఒకసారి పేరు ఎక్కిస్తే అది ఆ బిళ్లలోనే ఉండిపోతుంది. నాలుగు బిళ్లలు అడిగాను.

మే 4

గొట్టంబండి వచ్చింది. కేంద్రం నుంచి నేలకింది గొట్టంలో సామాను తెచ్చేది ఇదే. బియ్యం, మందులు, మూడు బిళ్లలు. నాలుగోది తర్వాతి బండిలో అని చీటీ. ఆ బండి ఎప్పుడో చీటీలో లేదు.

హుసేనమ్మ తేల్చేసింది. "ఎక్కువేండ్లు ఎండ తిన్నోళ్లకు ముందు. నాకు, ఓబులేసుకు, పుల్లమ్మకు పెట్టు. నీ తమ్మునికి బండి వచ్చినాక. 21 నుంచి అంతదాకా లోపలే ఉంటాడు."

సరేనన్నాను. న్యాయమే.

లోపల ఉంటే బయటి వాటా రాదు. ఇంటికి రెండు వంతుల నీళ్లు వచ్చేచోట ఒకటే వస్తుంది. తమ్ముడి భార్య తులశమ్మకు ఏడో నెల. పోయిన ఏడు నడిమి వరస ఇళ్లలో ఒక బాలింత ఒంటి వాటా మీద ఉంది. పాలు పడలేదు. ఆ బిడ్డ పదహారు రోజులు ఏడ్చి ఆగిపోయింది. ఆ ఏడుపు గోడలోంచి మా ఇంటికి వినపడేది.

నాలుగు అంగీలనూ పనిగదిలో బల్ల మీద పరిచి గాడులు శుభ్రం చేశాను. పుల్లమ్మ అంగీ మెడ పట్టీ ఒకసారి చిరిగితే ఆమే కుట్టుకుంది, నీలం దారంతో. గాడి మాత్రం మిగతావాటి లాంటిదే. బిళ్ల పెట్టి చూశాను. టక్కున కూర్చుంది. తీసేశాను.

తర్వాత పుల్లమ్మను పిలిచాను. "అక్కా, నీ అంగీ వేరే రకం. గాడి తేడా ఉండాది. ఈ బిళ్ల పట్టదు. నీకు వేరేది తెప్పించల్ల."

ఆమె నీలం దారం వైపు చూసింది. "నేను కుట్టినప్పుడు ఏమన్నా చెడగొట్టినానా?"

"లేదక్కా. తయారీలోనే తేడా."

"అట్లయితే మద్దిలేటికి పెట్టమ్మా. కడుపుతో ఉండే పిల్ల ఇంట్లో ఉండాది. మాకేముంది, ఇద్దరం. ఎట్లో గడుస్తాది."

మూడో బిళ్లను మద్దిలేటి అంగీలో పెట్టాను. వాడికి కూడా అదే మాట చెప్పాను. హుసేనమ్మకూ అదే చెప్పాను. గాడుల సంగతి ఈ ఊళ్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ మారు అడగలేదు.

పుల్లమ్మకు పోయేది కొన్ని వారాల నీళ్లు. అంతే అనుకున్నాను.

మే 7

పుల్లమ్మ మొగుడు లింగమయ్య తలుపు దాకా వచ్చి కూర్చున్నాడు. ఆయనా ఒకప్పుడు అద్దాలు తుడిచినవాడే. నల్లద్దం పగిలిన టోపీతో రెండేళ్లు పనిచేసి కళ్లు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తాయి. పెళ్లాం వచ్చే వేళకు గోడ పట్టుకుని వస్తాడు. ఆమె అడుగుల చప్పుడు గుర్తుపడతాడు.

"సుంకులమ్మా, 21 తర్వాత పుల్లమ్మ ఇంట్లోనే ఉంటాదంట గదా."

"కొన్నాళ్లే బావా."

"ఉండనీలే. పంతొమ్మిదేండ్లలో ఇంట్లో ఒగ పగలు నిద్రపొయ్యింది లేదు."

బిళ్ల కోసం ఈ రోజు మళ్లీ రాశాను. జవాబు రాలేదు.

మే 9

ఉదయం 5:10కి నలుగురూ బయటికి పోయారు. 21 దాకా పాత పలకరింపు చెల్లుతుంది కాబట్టి పుల్లమ్మ కూడా పోయింది.

8:52కి తెర మీద ఒక వాక్యం: "గడువు రద్దయింది. బిగింపు మొదలైంది." వాయిదా మీట నొక్కాను. పనిచేయలేదు. మళ్లీ నొక్కాను. తర్వాత తెలిసింది, నిన్న ఇంకో బిలంలో ఎవరో పాత పలకరింపుతో తలుపు తీయబోయి దొరికిపోయారట. అందుకని అన్ని ఊళ్లలో ఒకేసారి బిగించారు.

ఆరో వరస దగ్గర ఉన్న తీగఫోనుకు కొట్టాను. హుసేనమ్మ ఎత్తింది. అందరినీ తీసుకుని వెంటనే రమ్మన్నాను. పావుగంట నడక. అంగీల బ్యాటరీలు నలుగురివీ కలిసి నిండినవే, కలిసే అయిపోతాయి. పదిన్నర దాకా వస్తాయి.

9:18. తలుపు అద్దంలో నలుగురూ కనిపించారు. హుసేనమ్మ పుల్లమ్మను ముందుకు నెట్టింది. ఎర్రదీపం. మళ్లీ నిలబడమన్నాను. ఎర్రదీపం. తెర మీద "ఎవరూ లేరు" అని పడింది. పుల్లమ్మ అద్దం అవతల నిలబడి నన్ను చూస్తోంది.

ఓబులేసును రమ్మన్నాను. పచ్చదీపం వెలిగింది. లోపలికి వచ్చాడు. బయటి తలుపుకూ లోపలి తలుపుకూ నడుమ ఉన్న తలుపుగదిలో ఒకసారికి ఒక్కరే పడతారు, ఇద్దరు దూరితే బయటి తలుపు మూసుకోదు. అది రెండో బిగింపు. ఒకసారి లోపలికి వచ్చిన పేరుకు ఎండతాళం పడి విడేదాకా తలుపు మళ్లీ తెరుచుకోదు, అది మూడోది. హుసేనమ్మ కూడా లోపలికి వచ్చింది. చక్రం ఉన్న రోజులు తెలిసిన మనిషి, ఏదైనా దారి చూపిస్తుందేమోనని నేనే రమ్మన్నాను. పలక ఊడదీసి ఇద్దరం చూశాం. చక్రం ఉన్నచోట సీసం పోసి ఉంది.

9:31. కేంద్రం ఫోను కలిసింది. ఒక మనిషి గొంతు. మర్యాదగా మాట్లాడాడు.

"రెండో తలుపు కాపరిని. మా మనిషి ఒకామె బయట ఉండిపొయ్యింది. అంగీ పాతది. ఒక్కసారి తలుపు తీయనీండి సార్."

"పేరు చెప్పండి."

చెప్పాను.

"ఆ పేరుతో బయట ఎవరూ లేరమ్మా."

"నా ఎదురుగానే ఉండాది సార్. అద్దంలో కనపడ్తాంది."

"తలుపు సమస్య అయితే ఆ అంగీ నుంచే ఫిర్యాదు రావాలి. అప్పుడు నేను చూడగలను."

"ఆ అంగీ మాట మీకు ఇనపడదు గదా. అదే గదా సమస్య."

"అవునమ్మా. అందుకే ఫిర్యాదు నమోదు కాలేదు."

హుసేనమ్మ ఫోను లాక్కుంది. "నాయనా, ఎవురి పిల్లోడివో. పది కొడితే ఎండతాళం పడ్తాది. మనిషి సచ్చిపోతాది."

"మా అన్న గంధగిరిలో ఉండేవాడమ్మా. అక్కడ కూడా ఎవరో మంచివాళ్లు, మనిషి చచ్చిపోతాడని తలుపు తీశారు," అన్నాడు. తర్వాత ఫోను పెట్టేశాడు.

9:40. బయట మద్దిలేటి ఇంకా లోపలికి రాలేదు. పుల్లమ్మ పక్కనే నిలబడ్డాడు. తలుపు పక్కనున్న ఫోను ఎత్తాడు. మాటలు గదిలో అందరికీ వినపడుతున్నాయి.

"అక్కా, నా దగ్గర పట్టకారు ఉండాది. నా బిళ్ల తీసి పుల్లమ్మక్క అంగీలో పెట్టి చూస్తా. పడ్తే ఆమె నా పేరు మీద లోపలికొస్తాది."

"నువ్వు?"

"నేను నీడలో కూచుంటాలే. నువ్వు ఏదో ఒగటి చేస్తావు గదా."

ఇరవై రెండేళ్లుగా నేను ఏదో ఒకటి చేస్తానని నమ్మడమే వాడికి అలవాటు. పది కొట్టాక నేను చేయగలిగింది ఏదీ లేదు. బిళ్ల మారిస్తే పుల్లమ్మ లోపల ఉంటుంది, వీడు బయట ఉంటాడు. బిళ్ల టక్కున కూర్చుంటుందని నాకు తెలుసు.

"పట్టదు," అన్నాను.

"ఒగసారి చూస్తే ఏం పోతాది?"

"బిళ్ల తీస్తే నీ అంగీ చలువ ఆగిపోతాది. మళ్లా పెట్టినా నిన్ను గుర్తుపట్టదు. ఇద్దరూ పోతారు. నా మాట ఇను."

ఇది కూడా అబద్ధమే. బిళ్ల తీసి ఎన్నిసార్లు పెట్టినా గుర్తుపడుతుంది.

హుసేనమ్మ నా పక్కనే ఉంది. నా ముఖం చూసింది.

బయట పుల్లమ్మ వాడి చేతిలోంచి ఫోను తీసుకుంది. "పట్టదని సుంకులు ముందే చెప్పింది గదరా. ఊరికే నువ్వేంటికి పోవడం. పో, తులశమ్మ ఎదురు సూస్తా ఉంటాది." అని వాడిని భుజాలు పట్టి తలుపుగదిలోకి నెట్టింది. వాడు రెండుసార్లు వెనక్కి వచ్చాడు. మూడోసారి ఆమె చెంప మీద కొట్టింది.

9:56. మద్దిలేటి లోపలికి వచ్చాడు.

10:00. ఎండతాళం పడింది.

పుల్లమ్మ తలుపు నీడలో కూర్చుంది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది. లింగమయ్య అప్పటికే వచ్చాడు. విషయం చెప్పాం. ఆయనకు ఫోను ఇచ్చాను. వాళ్లు మాట్లాడుకున్నది గదిలో అందరికీ వినపడింది. ఎక్కువ ఏమీ మాట్లాడుకోలేదు. కంట్లో మందు రెండు పూటలా వేసుకోమంది. సద్దరొట్టె పిండి అయిపోయిందని, పొరుగింటికి ఒక సోలెడు బదులిచ్చానని, అడిగి తెచ్చుకోమంది. ఆయన అన్నిటికీ ఊఁ అన్నాడు.

10:26. "ఫ్యాను ఆగింది," అంది.

10:31. ఏదో చెప్పబోయింది. తెలియలేదు.

10:38. ఫోను కింద పడిన చప్పుడు.

లింగమయ్య పన్నెండు దాకా ఫోను పెట్టలేదు. ఎవరం తీసుకోలేదు.

మే 9, సాయంత్రం

అయిదుకు ఎండతాళం విడింది. ముగ్గురూ బయటికి పోయారు. శవాన్ని లోపలికి తేవాలని చూశారు. తలుపుగదిలో ఇద్దరుంటే బయటి తలుపు మూసుకోలేదు. శవాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి చూశారు. ఎర్రదీపం వెలిగింది. "ఎవరూ లేరు" అని పడింది.

ఆరో వరస వెనక మట్టి కొంచెం మెత్తగా ఉంటుంది. అక్కడ పెట్టారు. హుసేనమ్మ ఆమె అంగీ విప్పి మడతపెట్టి తెచ్చింది. ఎందుకని నేను అడగలేదు.

లింగమయ్యకు అంగీ లేదు కాబట్టి పోలేకపోయాడు. లోపలి తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ముగ్గురూ తిరిగి వచ్చేదాకా తీయలేదు.

మే 12

చావు నమోదు చేయడానికి రాశాను. జవాబు: బిగింపుకు ముందరి పాత పలకరింపులన్నీ నమ్మదగనివిగా తీసేశారట. కాబట్టి పుల్లమ్మ 9వ తేదీన బయటికి పోయినట్టు ఎక్కడా లేదు. లెక్క ప్రకారం ఆమె లోపలే, ఆరోగ్యంగా ఉంది. లోపల చనిపోయి ఉంటే శవాన్ని చూపించాలి.

చనిపోలేదు కాబట్టి లింగమయ్యకు ఒంటరివాడి వాటా రాదు. పనికి పోవడం లేదు కాబట్టి బయటి వాటా ఆగిపోతుంది. పది రోజులు పోకపోతే లోపలి వాటా కూడా సగం చేస్తారు. ఇదంతా ఆయనకు చదివి వినిపించాను.

"అయితే నా పెండ్లాం బతికుండాది," అన్నాడు.

"కేంద్రం లెక్కలో, బావా."

"నేనడిగింది అదే."

అద్దాలు ముగ్గురే తుడుస్తున్నారు. రెండు వరసలు మిగిలిపోతున్నాయి. కింది వరస ఇళ్లలో గాలి బరువుగా ఉందని పిల్లల తల్లులు వస్తున్నారు. మద్దిలేటి పని నుంచి వచ్చి తినకుండా పడుకుంటున్నాడని తులశమ్మ చెప్పింది. పెంచినదాన్ని కదా, నేను చెబితే వింటాడని అనుకుంది. పోయి కూర్చున్నాను. వాడు గోడ వైపు తిరిగి, "నువ్వేం చేస్తావులే అక్కా, నీ తప్పేముంది," అన్నాడు. ఆ మాట విని ఇంటికి వచ్చేశాను.

మే 16

గొట్టంబండి వచ్చింది. ఒకే బిళ్ల. పైన చీటీ: పుల్లమ్మ.

హుసేనమ్మ పనిగదికి వచ్చింది. వెనకే ఓబులేసు, మద్దిలేటి. ఆమె చేతిలో మడతపెట్టిన అంగీ ఉంది. బల్ల మీద పరిచింది. నీలం దారం కుట్టు పైకి కనిపించేలా పెట్టింది.

"బండిలో వచ్చింది వేరే రకమా?" అంది.

బిళ్ల తిప్పి చూశాను. వెనక ఉన్న గుర్తు మిగతా మూడింటి మీద ఉన్నదే. అది ఆమెకూ కనిపించింది.

"అదే రకం అత్తా."

"పెట్టు. నా ముందర పెట్టు."

పెట్టాను. కూర్చుంది. ఆ చిన్న చప్పుడు గదిలో అందరికీ వినపడింది. అంగీ మెడ దగ్గర పచ్చచుక్క వెలిగింది.

మద్దిలేటికి ముందు అర్థం కాలేదు. "పట్టిందే," అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

హుసేనమ్మ అడిగింది. "ఎప్పటి సంది తెలుసు నీకు?"

"నాలుగో తేదీ నుంచి."

"వానికి తెలుసునా?"

"తెలీదు."

"ఆ పొద్దు నేను బయటినుంచి అడిగినప్పుడు?" అన్నాడు మద్దిలేటి.

"తెలుసు."

"బిళ్ల తీస్తే ఇద్దరూ పోతారన్నావు."

"అబద్ధం చెప్పినా. నువ్వు బయట ఉండిపొయ్యేవాడివి."

వాడు బల్ల మీది అంగీని చూశాడు. "అది నేను చెప్పాల్సిన మాట గదక్కా," అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆమె కొట్టిన చెంప మీద చెయ్యి పెట్టుకుని బయటికి పోయాడు.

మే 17

మధ్యాహ్నం ఊరివాళ్లు నడిమి వరస సావడిలో కూర్చున్నారు. నేను నిలబడ్డాను. జరిగినదంతా నా నోటితోనే చెప్పించారు. రెండు అబద్ధాలనూ ఒప్పుకున్నాను. తులశమ్మ కడుపు మీద చేతులు పెట్టుకుని వింది. నేను ఎవరి కోసం చేశానో ఆ మనిషి నా ముఖం చూడలేక లేచిపోయింది.

కేంద్రానికి రాయాలని ఒకరన్నారు. ఏమని రాస్తారు? అక్కడ చావే లేదు. ఓబులేసు, "దీన్ని కూడా పదికి బయట నిలబెడ్దాం," అన్నాడు. ఎవరూ కాదనలేదు. నాకూ కాదనాలని అనిపించలేదు.

హుసేనమ్మ లింగమయ్య వైపు తిరిగింది. "పోయింది నీ మనిషి. నువ్వు చెప్పప్పా."

ఆయన తల వంచుకునే మాట్లాడాడు. "ఈమెను చంపితే నాకేమొస్తాది. నాకు నీల్లు కావల్ల. మీకు గాలి కావల్ల. పుల్లమ్మ బతికుండాదని పైనోళ్లే చెప్పినారు గదా. బిళ్ల కూడా పంపినారు. అయితే పుల్లమ్మ పనికి పోవల్ల."

కొంతమందికి అర్థం కాలేదు. నాకు అయింది.

"ఆ అంగీ ఈమె తొడుక్కోని పోవల్ల. దినామ్మూ పోవల్ల. నేను బతికినన్నాళ్లు. సుంకులు అనే మనిషి ఇంగ తలుపు కాడ ఉండేదానికి లేదు. నాకు ఆ గొంతు అక్కడ ఇనపడగూడదు."

తలుపు కాపలా ఎవరికి అని అడిగారు. నా దగ్గర కూర్చుని ఆ పని చూసినవాడు ఒక్క మద్దిలేటే. కాపరికి ఒకటిన్నర వాటా. తులశమ్మకు అది సరిపోతుంది. వాడు ఎండలోకి పోనక్కర లేదు.

ఈ మార్పును నేను 4వ తేదీనే చేసి ఉండవచ్చు. నా కుర్చీలో వాణ్ని కూర్చోబెట్టి, వాడి బదులు నేను అంగీ తొడుక్కుని, 21 తర్వాత బండి వచ్చేదాకా లోపల ఉండి ఉంటే సరిపోయేది. ఒక్క అబద్ధం కూడా అవసరమయ్యేది కాదు. ఆ సావడిలో నిలబడ్డప్పుడు తట్టింది. అంతకుముందు తట్టలేదు.

మే 18

5:10. మొదటిసారి బయటికి పోయాను. పుల్లమ్మ నాకంటే పొట్టి. అంగీ భుజాల దగ్గర పట్టేస్తోంది. కాలివేళ్లు ముడుచుకుని నడవాలి. మెడ పట్టీలో ఆమె తలనూనె వాసన ఇంకా ఉంది.

తలుపు పచ్చదీపం చూపించింది. కేంద్రం దృష్టిలో పుల్లమ్మ ఆరోగ్యంగా పనికి పోయింది. సుంకులు కంటిజబ్బుతో పని మానుకుని లోపల విశ్రాంతి తీసుకుంటోంది. చనిపోయినవాడి పేరుతో ఇంకొకరు తిరగకూడదనే ఇంత బిగించారు.

హుసేనమ్మ నాతో మాట్లాడలేదు. గుడ్డ ఎలా పట్టాలో తాను చేసి చూపించింది. మద్దిలేటి తలుపు దగ్గర ఉంటాడు కాబట్టి ఇప్పుడూ ముగ్గురమే, వాడి వరసలు హుసేనమ్మ, ఓబులేసు పంచుకున్నారు. ఆరో వరస నాకు వదిలారు. వెనక మెత్తటి మట్టి పక్కనే గుడ్డ దులుపుకోవాలి, వేరే చోటు లేదు. నాలుగు గంటల్లో నలభై అద్దాలు తుడిచాను. పుల్లమ్మ డెబ్భై తుడిచేదట.

మే 29

అరవై రెండు అద్దాలు. అరచేతుల మీద తోలు లేచింది. నీళ్ల వాటా తీసుకుని నేనే లింగమయ్య ఇంటికి చేర్చాలి. గుమ్మం దగ్గర కుండ దించి వచ్చేస్తాను. ఈరోజు ఆయన లోపలినుంచి, "అడుగులు ఈడుస్తాండావు. ఆమె ఈడ్చేది కాదు," అన్నాడు. రేపటినుంచి సరిగా నడుస్తాను.

జూన్ 1

తొమ్మిదో బిగింపు. ఇకమీదట అంగీ పలకరింపు చాలదు. మనిషి తన నోటితో తన పేరు చెప్పాలి. పాత గొంతుల నకళ్లన్నీ ముందే తీసేశారు కాబట్టి ఈ రోజు చెప్పిన గొంతే అసలైనదిగా దాచుకుంటారట. తలుపు కాపరి మీట నొక్కి అడగాలి, బయటి మనిషి చెప్పాలి.

"ఎవురు?" అన్నాడు మద్దిలేటి. 16 తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"పుల్లమ్మ."

నమోదైంది.

జూన్ 14

ఆడపిల్ల పుట్టిందని తలుపుగదిలో ఓబులేసు హుసేనమ్మతో చెబుతుంటే విన్నాను. తల్లికి పాలు పడ్డాయట. నేను పోలేదు. రమ్మనలేదు.

జూన్ 20

వేడి ఎక్కువ. తొమ్మిదికే యాభై ఏడు. ఆరో వరస అయ్యేసరికి కళ్లు తిరిగాయి. మిగతా ఇద్దరూ ముందే వెళ్లిపోయారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి 9:57.

"ఎవురు?" అన్నాడు.

నాలుక తడారిపోయి ఉంది. ఏ ఆలోచనా లేదు. వాడి గొంతు వినపడితే నోటికి వచ్చేది ఒకటే మాట. "నేనురా, సుంకులు."

ఎర్రదీపం. అద్దంలోంచి వాడి ముందరి తెర కనిపిస్తుంది. "ఎవరూ లేరు" అని పడింది.

వాడు తెర వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. 9:58 అయింది. మీట మీద పెట్టిన చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. నేను అద్దం మీద కొట్టలేదు. వాడు ఏం చేసినా అడిగే హక్కు నాకు లేదని తెలుసు.

9:59.

వాడు మళ్లీ చెయ్యి మీట మీదికి తెచ్చాడు. "ఎవురని అడిగినా," అన్నాడు.

"పుల్లమ్మను," అన్నాను.

తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చాను. అంగీ విప్పి కొక్కేనికి తగిలించేటప్పటికి ఎండతాళం పడింది. వాడు దినచర్య చదువుకుంటూ పైకి అన్నాడు, "ముగ్గురు పోయినారు, ముగ్గురు వచ్చినారు." తర్వాత దీపం ఆర్పి బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు.